బేరమాడి దించిన వెర్షన్

సిద్దిపేట బజారులో బట్టల మీద బేరమాడినవాళ్లున్నారు, బర్రెల మీద ఆడినవాళ్లున్నారు, పెళ్లి బ్యాండు వాళ్లతో పాటకింత అని ఆడినవాళ్లూ ఉన్నారు. సాఫ్ట్‌వేరు వెర్షన్ నంబరు మీద బేరమాడి, దాన్ని ఐదు పాయింట్ ఐదు నుంచి ఐదు పాయింట్ ఒకటికి దించిన మొనగాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఆ రికార్డు ఇప్పటికీ నా పేరు మీదే ఉంది. అవతల కూర్చున్నది నా చిన్ననాటి దోస్తు. బేరం తెగినప్పుడు వాడు నవ్వాడు. ఓడిపోయినవాడు మర్యాద కోసం నవ్వే నవ్వు అనుకున్నాను.

మాది బియ్యం దుకాణం, పాత బస్టాండు దగ్గరి సందులో. నాయిన గద్దె మీద కూర్చుంటే నేను తక్కెడ పక్కన పెరిగాను. అడిగిన ధర అడిగినట్టు ఇచ్చేవాణ్ణి చూస్తే మా ఇంట్లో జాలిపడేవారు. డిగ్రీలో కంప్యూటర్లు చదివాక, దుకాణానికి ఆనుకుని ఉన్న చిన్న గదిలో ఇంటర్నెట్ పెట్టాను. ఇటు బస్తాలు, అటు కంప్యూటర్లు, మధ్యలో ఒక తలుపు. హాల్ టికెట్లు, ఉద్యోగాల దరఖాస్తులు, బస్సు టికెట్లు. కీబోర్డు తిరగేసి దులిపితే నూకలు రాలేవి.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. దీక్షా శిబిరంలో వంతుల వారీగా కూర్చునేవాళ్లం. ఊళ్లో ఏ మాటైనా 'మన'తోనే మొదలయ్యేది. మన నీళ్లు, మన కొలువులు, మన పైసలు. ఒకరోజు శిబిరం నుంచి దుకాణానికి నడిచి వస్తుంటే నా బుర్రలో 'మన మెయిల్' అనే మాట పుట్టింది. మా బజారు వాళ్ల మెయిల్ అడ్రసులు చూస్తే నవ్వొచ్చేది. ఊరికే దొరికే అడ్రసులు కదా, పేరు వెనక పుట్టిన సంవత్సరం, దాని వెనక బండి నంబరు. పైగా వాళ్ల ఉత్తరాలన్నీ ఏ సముద్రం అవతలో ఎవడి మిషన్లలోనో పడి ఉండేవి. అలా కాకుండా చివర ఊరి పేరుండే అడ్రసు, బోర్డు మీద రాసుకుంటే అందంగా ఉండేది, నేనే ఇస్తే? ఉత్తరాలు దాచే మిషన్, అంటే మెయిల్ సర్వర్, నా గదిలోనే ఉంటే?

నాయినకు చెప్పాను.

"ఉత్తరాలు మనకాడ్నే ఉంటయంటున్నవ్. మరి పోవుడెట్ల?"

"పొయ్యేటియి పోతయి నాయినా. వచ్చేటియి గీడ ఉంటయి."

"ఉంచుకున్నందుకు పైసలిస్తరా?"

"ఏడాదికింత అని ఇస్తరు."

"గోదాం కిరాయి అన్నట్టు," అని తలూపాడు. నా వ్యాపారాన్ని అంతకంటే బాగా నాక్కూడా ఎవరూ చెప్పలేదు.

ఈ సంగతి తెలిసి మొట్టమొదట వచ్చింది చేనేత వాడలోని ఒక అక్క. బంధువు కాదు, బజారంతా ఆమెను అక్క అనే పిలిచేది. ఆరు మగ్గాల చిన్న సంఘం ఆమెది. గొల్లభామ చీరలు నేయించేది. కొంగు నిండా, అంచు నిండా నెత్తిన కుండ పెట్టుకున్న గొల్లభామలు. ఒక్కో బొమ్మ దగ్గర దారాన్ని చేత్తో దాటించాలి కాబట్టి చీర తొందరగా మగ్గం దిగదు, దిగాక తొందరగా అమ్ముడూ పోదు. హైదరాబాదులో ఏదో ప్రదర్శనలో బెంగళూరు చీరల సేటు ఒకాయనకు ఆ పని నచ్చింది. మెయిల్ అడ్రసు ఉంటే చెప్పమన్నాడు.

"తమ్మీ, మెయిలంటే మనకు సుత ఉండాల్నట. ఎంతైతది?"

చెప్పాను. బేరానికి జాగ వదిలి, ఎక్కువే చెప్పాను. ఆమె కొంగు ముడి విప్పి మొత్తం నా ముందు పెట్టింది. నాకు చెయ్యి చాపబుద్ధి కాలేదు.

"ఏందక్కా, తక్కువ చెయ్యమనవా?"

"నా చీరను నువ్వు తక్కువ చెయ్యమంటే నాకెట్లుంటది? నీకు సుత గట్లనే ఉంటది గద."

ఆ తర్వాత తన గొడవ చెప్పింది. ఆరు మగ్గాల్లో రెండింటి మీద కూర్చునేవాళ్లు అన్నదమ్ములు. ఇక్కడ గిట్టక, మర మగ్గాల పనికి భివండి పోతామని కూర్చున్నారు. బెంగళూరు ఆర్డరు వస్తే ఆరు మగ్గాలకూ ఏడాది పని.

"వాళ్లను ఆపాలె తమ్మీ. ఒక్కసారి మగ్గం దించి గోడకు ఆనిచ్చినంక మల్ల గా మగ్గం గుంతల కూసోనీకి ఎవ్వడు రాడు. గీ ఆర్డరొక్కటి వస్తె ఆగుతరు."

"వస్తదక్కా. వచ్చిన గడియల నీకు చెప్త," అన్నాను.

సర్వర్ పెట్టడం నాకు రాదు. అది తెలిసినవాడు నా దోస్తు. మా వెనక సందులోనే వాళ్ల ఇల్లు. వాళ్లమ్మ బీడీలు చుట్టి వాణ్ణి చదివించింది. ఒకే బడి, ఒకే బెంచీ. హైదరాబాదులో ఒక కంపెనీలో సర్వర్లు చూసుకునే పని చేస్తుండేవాడు. ఆదివారం ఊరికి వచ్చినప్పుడు పట్టుకొచ్చి బస్తాల మీద కూర్చోబెట్టి టీ చెప్పాను.

"మిషన్ గీడ ఎందుకురా? హైదరాబాద్‌ల కిరాయికి దొరుకుతది. గాడ కరెంటు పోదు," అన్నాడు వాడు.

"మన మెయిల్ మల్ల హైదరాబాద్‌ల పరాయోళ్ల దగ్గర ఎందుకుండాలె? గీడనే ఉంటది," అన్నాను. శిబిరంలో మైకు పట్టుకున్న గొంతు ఇంకా దిగలేదు.

"సరె తీ, గీడనే." వాడు కాలు మీద కాలేసుకుని చెప్పడం మొదలుపెట్టాడు. మెయిల్ సర్వర్ అనేది పైన కనిపించే కౌంటరు మాత్రమే. ఎవరి అడ్రసు ఏది, ఎవరి ఉత్తరం ఎక్కడుంది అనేదంతా కింద డేటాబేస్ అనే సాఫ్ట్‌వేరులో ఉంటుంది. ఆ డేటాబేస్‌లో అప్పటికి రెండు వెర్షన్లు నడుస్తున్నాయి. పాతది ఐదు పాయింట్ ఒకటి, సీడీలో సిద్ధంగా ఉంటుంది. ఐదు పాయింట్ ఐదు అప్పుడప్పుడే వచ్చింది. దాన్ని విడిగా దించుకోవాలి, మెయిల్ సాఫ్ట్‌వేరుతో కుదురుతుందో లేదో పరీక్షించాలి.

"కొత్తదేస్త. రెండు దినాలు ఎక్కువ పడుతది. గా రెండు దినాల కూలి సుత ఇయ్యాలె."

"కూలేందిరా? దోస్తువు."

"దోస్తునే. తిండి తినే దోస్తును."

ఇక నేను మొదలుపెట్టాను. ఇంట్లో ఖర్చులు చెప్పాను, బంద్‌ల వల్ల గిరాకీ లేదన్నాను, ఉద్యమం కోసం చేస్తున్న పని అన్నాను. లేచిపోతున్నట్టు నటించడం మా పద్ధతిలో చివరి అస్త్రం. కానీ నా దుకాణంలోంచి నేనెక్కడికి లేచిపోవాలో తెలియక, లేచి ఫ్యాను వేగం పెంచి మళ్లీ వచ్చి కూర్చున్నాను.

"సరె, నీది కాదు నాది కాదు, నడుమ తెంపుదాం," అన్నాను. "ఐదు పాయింట్ మూడు ఇయ్యి."

"అది లేదురా."

"ఎందుకు లేదు? ఒకటికి ఐదుకు నడిమిట్ల మూడే గద వచ్చేది."

వాడు నన్ను చాలాసేపు చూశాడు. అప్పుడే ఆ నవ్వు నవ్వింది.

"ఐదు పాయింట్ ఒకటి ఏస్త. నువ్విచ్చే పైసలకు అది వస్తది."

"తేడా ఏంది?"

"బియ్యం సేటు కొడుకువు, నేను చెప్పాల్నా? పాతయి. ఉడికితె పలుకు పలుకు ఉంటది, ఒదుగుతది. కొత్తయి ఎప్పుడు ఎట్లుంటయో ఎవనికి ఎర్క?"

నేను పడిపోయింది అక్కడే. మా వ్యాపారంలో పాత బియ్యానిదే ఎక్కువ ధర. ఏడాది పాటు గోదాములో మగ్గిన బియ్యం అన్నంలో పొడిగా విచ్చుకుంటాయి, కొత్తవి ముద్దవుతాయి. పాతవాటికి డబ్బులు ఎక్కువ పెట్టని వాడికి ఇంట్లో తిట్లు తప్పవు. అలాంటిది వీడు పాతదాన్ని తక్కువకు ఇస్తానంటున్నాడు! వీడికి సరుకు విలువ తెలియదు, మాట మార్చుకునే లోపే తెంపేయాలి అనుకున్నాను. కంప్యూటర్లు చదివినవాణ్ణి, సాఫ్ట్‌వేరు బస్తాలో మగ్గదనే సంగతి నాకు తట్టకపోలేదు. తట్టింది. బేరం బాగుందన్న సంతోషం దాన్ని పక్కకు నెట్టింది.

ఒక్క ప్రశ్న మాత్రం సరైనదే అడిగాను. "నడుమల కరెంటు పోతె ఎట్లరా?"

"ఇన్వర్టరున్నది గద," అన్నాడు, టీ గ్లాసులోకి చూస్తూ.

ఆ జవాబు నాకు ఇప్పటికీ మాటకు మాట గుర్తుంది. తెలియనివాడు చెప్పిన జవాబు కాదది.

కొన్ని నెలలు దర్జాగా నడిచింది. బట్టల దుకాణం, ఎరువుల దుకాణం, టీచర్ల సంఘం, చీటీల ఆయన, అందరూ వచ్చి చేరారు. బోర్డుల మీద అడ్రసులెక్కాయి. తొగుట నుంచి ఒక విత్తనాల వ్యాపారి వచ్చి, పేరు ముందు 'శ్రీ' కూడా పెట్టమన్నాడు. బెంగళూరు సేటు ఉత్తరాలు వచ్చినప్పుడు అచ్చు తీసి అక్కకు తెలుగులో చదివి వినిపించేవాణ్ణి. నమూనా చీర పంపింది. నచ్చిందన్నాడు. రంగులు, లెక్క, గడువు ఖాయం చేసి అసలు ఆర్డరు కొద్ది రోజుల్లో రాస్తానన్నాడు. అన్నదమ్ములిద్దరూ అప్పటిదాకా ఆగడానికి ఒప్పుకున్నారు.

అంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బడులు మూతపడ్డాయి, బస్సులు ఆగాయి, బొగ్గు బావుల్లో పని ఆగింది. బొగ్గు లేక కరెంటు కోతలు మొదలయ్యాయి. కరెంటు పోయినప్పుడల్లా మా బజారులో జనం చప్పట్లు కొట్టేవాళ్లు. సమ్మె గట్టిగా నడుస్తోందనడానికి అంతకంటే సాక్ష్యం ఏముంది? నేనూ గడప మీద నిలబడి కొట్టాను. నా వెనక గదిలో ఇన్వర్టరు కీచుమంటూ ఉండేది. కాసేపటికి దాని బ్యాటరీ అయిపోయేది, సర్వరు చేస్తున్న పని చేస్తున్నట్టే ఆగిపోయేది.

మొదటిసారి కరెంటు వచ్చాక మెయిల్ తెరుచుకోలేదు. డేటాబేస్‌లో ఉత్తరాలుండే పట్టిక దెబ్బతింది అని తెర మీద ఒక వాక్యం. దోస్తుకు ఫోన్ చేశాను.

"ఏం గాదురా, రిపేర్ అని కొట్టు," అని ఒక ఆదేశం చెప్పాడు. కొట్టాను. కాసేపు తనలో తను గొణుక్కుని లేచింది. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. తర్వాత వాణ్ణి అడగవలసిన పనే లేకపోయింది. ఎన్నిసార్లు పడ్డా లేస్తోంది, పాత సరుకంటే ఇదీ అని పది మందికి చెప్పుకున్నాను. ఆ రిపేరు ప్రతిసారీ తనకు అర్థం కాని ముక్కల్ని తీసి అవతల పారేస్తుందని నాకు తెలియదు. చిరిగిన బస్తాను కుడతాం కానీ కింద పడ్డ గింజల్ని ఎవరు లెక్కపెడతారు? రోజూ ఒకసారి దానికదే నకలు తీసుకునే ఏర్పాటుంది. తీసిందల్లా చిరిగినదానికే నకలు.

అక్క రోజూ వచ్చేది.

"వచ్చిందా తమ్మీ?"

"రాలేదక్కా."

"కోతలల్ల గిట్ల ఏమన్న పొయ్యిందేమో?"

"పోదక్కా. మిషన్ బందున్నా పంపేటోళ్లది మల్ల మల్ల ప్రయత్నం చేస్తది. లేచినంక వచ్చి పడుతది." ఇది నిజమే. పంపినవాళ్ల సర్వరు కొన్ని రోజులపాటు మళ్లీ మళ్లీ తలుపు కొడుతుంది. వచ్చి లోపల పడ్డాక ఏమైందన్నది వేరే సంగతి. దాని గురించి ఆమె అడగలేదు, నేను ఆలోచించలేదు. "రాలేదంటె రాలేదు. మన మిషన్ అబద్ధం చెప్పది," అన్నాను.

సమ్మె ముగిసింది. బస్సులు తిరిగాయి. ఉత్తరం మాత్రం రాలేదు. అన్నదమ్ములు సంచులు సర్దుకుంటున్నారని అక్క చెప్పింది. అప్పుడు ఆమె తరఫున నేనే బెంగళూరుకు రాశాను. మర్నాడే జవాబొచ్చింది. సేటు మర్యాదగానే రాశాడు. ఆర్డరు పంపామని, వారం గడువిచ్చామని, మీ వైపు సమ్మె అని పేపర్లో చదివామని, జవాబు లేకపోయేసరికి ఇప్పుడు చేయలేరేమో అనుకుని ఆ పనిని వేరే రాష్ట్రంలోని ఒక సంఘానికి ఇచ్చేశామని. పాత ఉత్తరాన్ని కింద అతికించి పంపాడు. రంగులు, లెక్క, గడువు, బయానా, అన్నీ ఉన్నాయి. ఏ ఉత్తరం ఎప్పుడొచ్చిందో సర్వరు రాసుకునే రాకపోకల చిట్టా వేరుగా ఉంటుంది, తీసి చూశాను. ఆ ఉత్తరం సమ్మె నడుమ ఒక పగటిపూట మా మిషన్‌కు వచ్చింది. తీసుకున్నట్టు మా మిషనే ఒప్పుకుంది. కాసేపటికి కరెంటు పోయింది. ఆ తర్వాత నేను రిపేరు కొట్టాను.

అక్కకు చెప్పాను. నిలబడే విన్నది.

"రాలేదన్నవ్ గద తమ్మీ."

"అవునక్కా, మిషన్ల..."

"రోజు అడిగిన. రోజు రాలేదన్నవ్." కోపం లేదు ఆ గొంతులో. లెక్క సరిచూసుకుంటున్నట్టు ఉంది. "గాళ్లను నీ మాట మీద ఆపిన నేను. గా మెయిల్ తమ్ముడు దినాం చూస్తుండు, రాలేదట అని చెప్పుకుంట ఆపిన."

ఆమె వెళ్లాక ఆ డేటాబేస్ తయారుచేసినవాళ్లు కొత్త వెర్షన్ గురించి రాసిన పేజీ తెరిచాను. కొనేముందు ఒక్కసారైనా చదవని పేజీ. మొదట్లోనే ఉంది. కొత్త వెర్షన్ ఏ పని చేసినా ముందు పక్కన గుర్తు పెట్టుకుని తర్వాత చేస్తుంది. నడుమ కరెంటు పోయినా, లేచాక ఆ గుర్తు చూసుకుని తనంతట తాను సరిచేసుకుంటుంది. పాతదానికి, ప్రత్యేకంగా చెప్పకపోతే, ఆ అలవాటు లేదు. ఆ 'ప్రత్యేకంగా చెప్పకపోతే' దగ్గర ఆగిపోయాను. పాత వెర్షన్‌లో కూడా ఆ భద్రత ఉందట. పట్టిక తయారుచేసేటప్పుడు ఒక్క మాట చేర్చి రాస్తే చాలట. రెండు రోజుల కూలి కాదు, రెండు నిమిషాల పని కూడా కాదు. మా పట్టికలు తీసి చూశాను. ఆ ఒక్క మాట ఎక్కడా లేదు.

నా దోస్తు, బడిలో నా బెంచీ మీద నా పక్కన కూర్చున్నవాడు. సర్వర్లు చూసుకోవడమే వీడి ఉద్యోగం. మిషన్ సిద్దిపేటలో ఉంటుందని తెలుసు, ఇక్కడి కరెంటు సంగతి తెలుసు, నేను నోరు తెరిచి అడిగాను కూడా. పైగా నన్ను ముంచడానికి నా భాషే వాడుకున్నాడు. బియ్యం అన్నాడు, పలుకు అన్నాడు, ఒదుగుతది అన్నాడు. ఇంకెవరో వచ్చి కంప్యూటరు మాటలు చెప్పి ఉంటే అనుమానించేవాణ్ణి. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

దొరికింది వంటావార్పు రోజున. ముస్తాబాద్ చౌరస్తాలో రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వండుకుని అక్కడే తినడం ఆ రోజు కార్యక్రమం. బియ్యం మా దుకాణానివే. హైదరాబాదు నుంచి ఉద్యోగులు కొందరు వచ్చారు, వాళ్లలో వాడున్నాడు. నేను మాట వెతుక్కుంటూ దగ్గరికి వెళ్లేసరికి, విప్పిన బస్తాలోంచి నాలుగు గింజలు అరచేతిలోకి తీసుకుని ఊది చూస్తున్నాడు.

"గివ్వి ఏ బస్తాలయిరా?" అన్నాడు తలెత్తకుండా.

"అంటే?"

"మీ దుకాణంల రెండు తీర్ల బస్తాలుంటుండె గద. గద్దె పక్కనొకటి, తలుపు ఎన్కొకటి."

నాకు అర్థమైంది. బజారులో పుట్టినవాడెవడికైనా అర్థమవుతుంది. ధర కోసం మరీ ప్రాణం తీసేవాళ్లకు కాసేపు బతిమాలించుకుని ధర తగ్గించేవాళ్లం. తగ్గించాక తలుపు వెనక బస్తా విప్పేవాళ్లం. పాతవాటిలో కొత్తవి కలిపిన బస్తా. మా ఇంట్లో దాన్ని బేరం బస్తా అనేవాళ్లు. మోసం అనే మాట ఎవరి నోటా రాలేదు. గెలిచిన సంతోషం వాళ్లది, లాభం మాది.

"మా అమ్మ నా చిన్నప్పటి సంది గదే తిన్నది," అన్నాడు వాడు. "పాతయమ్మా, మంచియి అని చెప్పి ఇచ్చేది మీ నాయిన. బేరం బాగ జేసిన్నని మురుసుకుంట వచ్చేది. వండితె ముద్దయ్యేది. నీళ్లెక్కువ పోసిన్నేమో అనుకునేది. తెల్లారి నీళ్లు తక్కువ పోసి చూసేది. ఎన్నేండ్లు చూసిందో. అన్నం వండుడు రాదని మా నాయినతోని తిట్లు తిన్నదిరా మా అమ్మ."

పక్కన ఎవరో గంజి వారుస్తున్నారు. ఆ ఆవిరిలో వాడి మొహం సరిగా కనపడలేదు.

"గందుకని నా మీద తీర్చుకున్నవా?"

"తీర్చుకునుడేంది? నువ్వు బేరం జేసినవ్, నేను బస్తా విప్పిన. మీ లెక్కనే."

"ఒక్క మాట రాస్తె అయిపొయ్యేదట గదరా. చదివిన నేను."

"అవ్. రాద్దామనే కూసున్న. ఐదు పాయింట్ మూడియ్యి అన్నవ్ చూడు, అది యాదికొచ్చింది. మా అమ్మ మొఖం యాదికొచ్చింది. చెయ్యి రాలేదురా."

"ఉత్తరం పోయింది నాది గాదు," అన్నాను. అక్క సంగతి చెప్పాను. అన్నదమ్ముల సంగతి చెప్పాను. "ఆమె బేరం చెయ్యలేదురా. అడిగినంత ఇచ్చింది."

వాడు చేతిలోని గింజల్ని తిరిగి బస్తాలో పోశాడు.

"నీ దగ్గరికి బేరం చెయ్యనోళ్లు సుత వస్తరని నాకెట్ల ఎర్క?" అన్నాడు.

అంతలో ఎవరో నినాదం ఎత్తుకున్నారు. అలవాటు మీద ఇద్దరం ఒకేసారి పిడికిలెత్తి జై కొట్టాం. తర్వాత వాడు ఒక వరసలో కూర్చున్నాడు, నేను వడ్డించే వాళ్లలో చేరాను. వాడి విస్తరి దగ్గరికి వచ్చేసరికి బకెట్టు ఇంకొకరికి అందించి ముందుకు నడిచాను. ఆ తర్వాత మా ఇద్దరి మధ్య మాటల్లేవు.

ఇంటికొచ్చి నాయినను అడిగాను. దోస్తు వాళ్లమ్మ పేరు చెప్పాను.

"బీడీల ఆమెనా? పానం తీసేది బేరానికి. ధర తగ్గియ్యమన్నది ఆమెనే గద."

"మరి పాతయని ఎందుకు చెప్పినవ్?"

"అండ్ల పాతయి సుత ఉంటుండె గద," అన్నాడు. ఇన్నేళ్ల వ్యాపారంలో ఆయన చెప్పిన ప్రతి మాటా అలాగే, తూకం వేస్తే సరిపోయేలా ఉంటుంది.

కొత్త వెర్షన్ వేయించాను, కరీంనగర్ నుంచి ఒకతన్ని పిలిచి, అడిగినంత ఇచ్చి. అతను వచ్చేసరికే సగం మంది అడ్రసులు మానేశారు. అక్క డబ్బులు అక్కకు తిరిగి ఇవ్వడానికి చేనేత వాడకు వెళ్లాను. తీసుకుంది, లెక్కపెట్టలేదు. లోపల రెండు మగ్గాలు విప్పి గోడకు ఆనించి ఉన్నాయి. వాటి కింది గుంతల మీద బల్ల చెక్కలు పరిచారు, పిల్లలు పడకుండా. అన్నదమ్ములు వెళ్లిపోయి అప్పటికి చాలా రోజులైంది. "చాయ్ తాగి పో తమ్మీ," అంది. తాగాను. మెయిల్ మాట ఇద్దరం ఎత్తలేదు.

ఇక బిల్లు. ముందు దాన్ని మొత్తం దోస్తు పేరు మీదే రాశాను. తెలిసీ దాచాడు, అడిగినా చెప్పలేదు, ఒక్క మాట రాయడానికి చెయ్యి రాలేదు. ఇవి వాడివే, వీటిలో ఇప్పటికీ ఒక్క పైసా తగ్గించను. తలుపు వెనక బస్తా మా నాయినది. దాని లాభంతోనే నేనూ తిని పెరిగాను కాబట్టి, మేము తిన్నది మంచి బస్తాలోదే అయినా, అందులో వాటా నాది. మిషన్ ఇక్కడే ఉండాలని పంతం పట్టింది నేను. రెండు రోజుల కూలి మిగుల్చుకున్నది నేను. చూడకుండా రోజూ రాలేదక్కా అన్నది నేను. కూడి చూస్తే దోస్తుకు స్నేహం పోయింది, నాకూ అదే పోయింది, అక్కడికి మాది మాకు చెల్లు. చెల్లుకానిది ఒక్కటి మిగిలింది. రెండు మగ్గాలు. ఆ బిల్లు కట్టింది అక్క, బేరమాడకుండా.